పిండి అంటిన పిడి

తూటాలు సొంతంగా నింపుకునే మా ఊరి మగవాళ్ళకు ఒకే ఒక్క కట్టుబాటు ఉంది: పరాయివాడు నింపిన తూటా నీ తుపాకీలో పెట్టకూడదు. దేవుడిచ్చిన పది ఆజ్ఞల్లో ఏడెనిమిదింటి విషయంలో వీళ్ళు ఎంతో కొంత సర్దుకుపోతారు. దీని విషయంలో మాత్రం సర్దుబాటు లేదు. చర్చి మెట్ల మీదా, దాణా కొట్లోనూ, గొడ్ల సంతలోనూ నలభై ఏళ్ళు ఈ మాట ప్రచారం చేసినవాడు రూడీ కెస్లర్. చివరికి దాన్ని తప్పినవాడూ అతనే. ఆగస్టు రెండో శనివారంనాడు అతని కుడిచేతి బొటనవేలు, చూపుడువేలిలో సగం, కుడికంటి చూపు పోయాయి.

ఆ తూటా నింపినవాడు మా ఆయన ఆర్లెన్. ఊరు అలాగే అనుకుంది. రూడీ అలాగే అనుకున్నాడు. నిజంగా ఏం జరిగిందో తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే అని నేననుకున్నాను. అక్టోబరు వచ్చింది, కొండల మీద మంచు దిగింది, నేను మాత్రం నోరు విప్పలేదు.

ఇదంతా మొదలైంది తూటాలు నింపే ప్రెస్సు దగ్గర.

ఆర్లెన్ వాళ్ళ నాన్న పోతూ పోతూ ఒక సింగిల్ స్టేజ్ ప్రెస్సు వదిలిపోయాడు. పోత ఇనుముది. మా గరాజులో బల్లకు బోల్టులతో బిగించి ఉండేది. పిడి ఒకసారి లాగితే ఒకే పని చేస్తుంది. పేలిపోయిన ఇత్తడి తొడుగును మళ్ళీ సైజుకు తేవడానికి ఒకసారి, అడుగున నిప్పు రాజేసే ప్రైమరు ఎక్కించడానికి ఒకసారి, మూతి కాస్త వెడల్పు చేయడానికి ఒకసారి, తుపాకీమందు పోశాక సీసం గుండు కూర్చోబెట్టడానికి ఒకసారి, బిగించడానికి మరోసారి. ఒక్కో తూటా ఆయన చేతిలోకి అయిదుసార్లు వచ్చి పోతుంది. వారం మొత్తం మీద నా చెయ్యి అన్నిసార్లు పట్టుకోడు.

మందు పోయడం అయ్యాక యాభై తొడుగులూ ఒక గుంటల చెక్కలో నిలబడి ఉంటాయి. అప్పుడు టార్చిలైటు తీసుకుని ఒక్కోదాని నోట్లోకీ చూస్తాడు, బడిపిల్లల గొంతులు చూసే డాక్టర్లాగా. అన్నింటిలోనూ మందు ఒకే ఎత్తున ఉంటేనే గుండ్లు పెడతాడు. అన్నీ ఒకేలా ఉంటాయి. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఒకేలా ఉన్నాయి.

మొన్న మార్చిలో రూడీ, అతని భార్య నడీన్ పొలం అమ్మేసి ఊళ్ళో లూథరన్ చర్చి వెనక చిన్న ఇంట్లోకి మారారు. తుపాకీమందు ఉన్న ఇంటికప్పు కింద తను నిద్రపోనని నడీన్ తేల్చిచెప్పింది. రూడీ తన బల్లా ప్రెస్సూ ఎవరికో ఇచ్చేశాడు. కానీ కౌబాయ్ పోటీలు మానలేడు. అవి ఏమిటంటే, రిటైరైన పోస్టుమాస్టర్లూ బస్సు డ్రైవర్లూ పెద్ద టోపీలు పెట్టుకుని, మారుపేర్లు తగిలించుకుని, పాతకాలపు రివాల్వర్లతో రేకు బొమ్మల్ని కొట్టడం. అసలు గొడ్లు కాసేవాళ్ళు బేస్‌బాల్ టోపీలు పెట్టుకుని కంచె అవతల నిలబడి నవ్వుతుంటారు.

"ఇంక నువ్వే నింపాలిరా నాకు," అన్నాడు రూడీ, మా వంటింట్లో కూర్చుని.

"మరి పరాయివాడి తూటా?" అన్నాను నేను. అలాంటి అవకాశం నేను వదులుకోను.

"వీడు పరాయివాడేంటి వెర్నా? దరిద్రుడంతే. అది వేరు."

ఇద్దరి సరదాకు వారానికి నాలుగు వందల తూటాలు. ఆర్లెన్ సాయంత్రాలన్నీ గరాజుపాలయ్యాయి. నేను వండింది చల్లారడం, మళ్ళీ వేడిచేయడం, మళ్ళీ చల్లారడం. ఏప్రిల్లో ఒకరోజు బల్లమీద కేటలాగు పరిచి, ప్రోగ్రెసివ్ ప్రెస్సు బొమ్మ మీద గరిటె పెట్టాను.

"ఇది కొనుక్కో."

"అక్కర్లేదు."

"ఒక్కసారి లాగితే నాలుగు పనులు ఒకేసారి అవుతాయట. గుండ్రటి పళ్ళెంలో నాలుగు తొడుగులు తిరుగుతూ ఉంటాయట. మందు కూడా అదే పోసుకుంటుందట. నాకంటే బుద్ధిమంతురాలు."

"అదే నా భయం," అన్నాడు ఆర్లెన్. "పాతదాంట్లో అయితే యాభై మందీ నా ఎదురుగా వరసలో నిలబడతారు. ఒక్కొక్కడి మొహం చూస్తా. దీంట్లో అలా కాదు. ఒకడు చూరు కిందనించి పోతుంటాడు, పోతుండగానే తొంగి చూడాలి. చూడకపోతే అంతే, పోయాడు."

"చూడు మరి. కళ్ళున్నాయిగా."

"ఉన్నాయి. అవి ప్రతిసారీ చూస్తాయా అని."

"ఆర్లెన్, నువ్వు రోడ్డు దాటేముందు నాలుగువైపులా చూసే మనిషివి. మన రోడ్డుకి ఉన్నవే రెండు వైపులు."

ఆయన నవ్వాడు. ఆ నవ్వే చాలనుకున్నాను. మే నెలలో మా పెళ్ళై ముప్పై అయిదేళ్ళు నిండాయి. ఆ ఏడాదికి పచ్చరాయి బహుమతి ఇవ్వాలంటారు. నేను ఇనుము ఇచ్చాను. దుకాణంలో రెండు రకాలు చూపించారు. ఒకదాంట్లో పిడి లాగగానే పళ్ళెం దానంతటదే తిరుగుతుంది. రెండోదాంట్లో మనిషి వేలితో తిప్పాలి. ఆర్లెన్ వేలితో తిప్పేదే కావాలన్నాడు.

"నేను తిప్పితేనే తిరిగిందని నా చేతికి తెలుస్తుంది," అన్నాడు. ఆ మాట సబబుగానే తోచింది. ఇప్పటికీ సబబుగానే ఉంది. తిప్పాల్సిన మనిషి ఒక్కడే అయినంతవరకు.

లాగు, తిప్పు. లాగు, తిప్పు. గంటలో నాలుగు వందలూ అయిపోయేవి. ఆర్లెన్ అన్నం వేళకు ఇంట్లోకి వచ్చేవాడు. వచ్చి ఏం మాట్లాడాలో తెలియక వాతావరణం గురించి చెప్పేవాడు. నాకు అదీ బాగానే ఉండేది.

కొత్త ప్రెస్సు వచ్చిన రోజే బల్ల పైన గోడకు ఒక అట్టముక్క అంటించాడు. తన గుండ్రటి చేతిరాతతో: *లేచి వెళ్తే పళ్ళెం ఖాళీ చెయ్యి.* మధ్యలో లేచిపోతే ఎంతవరకు చేశామో మర్చిపోతాం కాబట్టి, పళ్ళెంలో ఉన్న నాలుగూ తీసి పక్కన పడేసి, వచ్చాక మొదట్నించి మొదలెట్టాలి.

జులై పదకొండు. మధ్యాహ్నం. నేను వంటింట్లో, పళ్ళు కూరి కాల్చే 'పై' కోసం పిండి పిసుకుతున్నాను. బయట గ్యాసు ట్రక్కువాడు హారన్ కొట్టడం మొదలుపెట్టాడు. ట్యాంకు నింపాడు, సంతకం కావాలి. చచ్చిపోయినవాళ్ళని లేపుతున్నట్టు కొడుతూనే ఉన్నాడు. లోపల పెట్టే పుల్లటి రూబార్బ్ కాడల్లో స్ట్రాబెర్రీలు కూడా వెయ్యనా అని ఆర్లెన్‌ని అడగడానికి గరాజులోకి వెళ్ళాను. ఆయన లేడు. అవతల ట్రక్కు దగ్గర వాడితో గొడవ పడుతున్నాడు. ప్రెస్సు మాత్రం ఉంది, పళ్ళెం నిండా నాలుగు తొడుగులతో, పిడి పైకెత్తి, తలుపు మీద ఎవరిదో కాలింగ్ బెల్లులాగా.

నేను చిన్నప్పుడు పక్కింటివాళ్ళ బెల్లు నొక్కి పారిపోయేదాన్ని. అరవై దాటినా ఆ వేలు మారలేదు.

పిడి పట్టుకుని కిందదాకా లాగాను. లోపల ఎక్కడో మెత్తగా గరగరమంది, ఉప్పు డబ్బా వంచినట్టు. పిడి పైకి వదిలాను. ఏమీ జరగలేదు. కొత్త తూటా ఏదో టప్పున రాలుతుందనుకున్నాను, రాలలేదు. నిజం చెప్పాలంటే కాస్త నిరుత్సాహపడ్డాను. మళ్ళీ వంటింట్లోకి వచ్చి స్ట్రాబెర్రీలు వేసేశాను.

నాకు రసాయన శాస్త్రంలో డిగ్రీ ఉంది. బోజ్‌మన్‌లో చదివాను. అది ఇన్నేళ్ళూ ఊరగాయ సీసాలకు తప్ప దేనికీ పనికిరాలేదు. ఆ మధ్యాహ్నం కూడా పనికిరాలేదు. ఆర్లెన్ ఒకసారి లాగి వెళ్ళాక, పళ్ళెం తిప్పకుండా రెండోసారి పిడి లాగితే, మందు పోసుకున్న తొడుగే మళ్ళీ పైకి లేస్తుంది, మళ్ళీ మందు పోసుకుంటుంది. ముప్పై ఎనిమిది నంబరు తొడుగు పొడుగాటిది, పోటీలవాళ్ళు వాడే మందు అందులో అడుగునే ఉంటుంది. రెండింతలు పడినా పొర్లదు. పైన గుండు కూర్చుంటుంది. పక్కవాటితో పాటు డబ్బాలోకి పోతుంది.

ఆగస్టులో పోటీల రోజున నేను పై ముక్కలు అమ్మే బల్ల దగ్గర ఉన్నాను. అంతమంది పేలుస్తున్నా ఒక మోత వేరుగా వినిపిస్తుంది, గిన్నెల చప్పుళ్ళ మధ్య గాజుగ్లాసు పగిలినట్టు. అందరి తలలూ ఒకేసారి తిరిగాయి. రూడీ నిలబడే ఉన్నాడు. చేతిలో రివాల్వరు కింది సగం ఉంది, పై సగం లేదు. "ఏంట్రా ఇది?" అన్నాడు ఆర్లెన్ వైపు చూసి, చాలా మామూలుగా. తర్వాత కూర్చున్నాడు. హెలికాప్టరు బిల్లింగ్స్ ఆసుపత్రి నుంచి వచ్చేదాకా ఆర్లెన్ అతని మణికట్టు రెండు చేతులా నొక్కి పట్టుకుని ఉన్నాడు.

ఆ సాయంత్రం ఆర్లెన్ రూడీ డబ్బా తెచ్చి మా వంటింటి బల్ల మీద పెట్టాడు. ప్రతి డబ్బాలోనూ ఆయన ఒక చీటీ పెడతాడు: తేదీ, మందు పేరు, తూకం, పొడి అక్షరాలు. జులై 11. ఏ.హెచ్. నేను ఆ తేదీ చూశాను. పాలలో నీళ్ళు కలిసినట్టు అంతా నెమ్మదిగా కలిసింది.

నేను అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. దానికి ఒక్క కారణం చెప్పమంటే పది చెప్పగలను, ఒక్కటీ మంచిది కాదు.

నోటితో చెప్పలేనిది గిన్నెలతో చెప్పాను. ప్రతి బుధవారం నడీన్‌కి ఒక గిన్నెడు వేడి వంటకం పంపేదాన్ని: ఒకసారి బంగాళాదుంపలు, మాంసం వేసి, ఒకసారి కోడి, నూడిల్స్ వేసి. మా దగ్గర గిన్నె అడుగున టేపు అంటించి దాని మీద పేరు రాసుకుంటాం. కడిగి వెనక్కి ఇచ్చేటప్పుడు అందులో ఏదో ఒకటి పెట్టి ఇస్తారు. నడీన్ ఒకసారి ఆపిల్స్ పెట్టింది. ఒకసారి టమాటాలు. భర్త కన్ను పోయిన రెండో వారంలో కూడా అడవి చెర్రీల జెల్లీ సీసా పెట్టింది. ఖాళీ గిన్నె వెనక్కి రావడం ఈ లోయలో నేనెన్నడూ చూడలేదు.

ఆర్లెన్ మాత్రం రోజురోజుకీ తరిగిపోయాడు. ఇరవై రెండేళ్ళుగా ఊరి పిల్లలకు వేట భద్రత నేర్పుతున్నాడు. సెప్టెంబర్లో ఆ సర్టిఫికెట్టు, టోపీ, ఈల అన్నీ ఒక కవర్లో పెట్టి వెనక్కి పంపేశాడు. ఎల్క్ దుప్పుల వేటకు ఈ ఏడు లైసెన్సు కొనలేదు. ముప్పై నాలుగేళ్ళలో మొదటిసారి. తను అడుగుపెట్టగానే దాణా కొట్లో మాటలు ఆగిపోతాయని అక్కడికి పోవడం మానేశాడు. నడీన్ దగ్గర్నించి గిన్నెలు కూడా నేనే తెచ్చుకునేదాన్ని.

ఆయన చేసే పని ఒక్కటే. కొత్త ప్రెస్సు మీద నింపిన తూటాలు ఇంకా పదకొండు వందలు మిగిలాయి. వాటిని ఒక్కొక్కటే ఊడదీస్తున్నాడు. దానికో ప్లాస్టిక్ సుత్తి ఉంటుంది. తూటాని అందులో బిగించి బల్ల కాలికేసి కొడితే గుండూ మందూ విడిగా రాలతాయి. ఆ మందు తక్కెడలో పోసి, టార్చిలైటు వేసి తూకం చూస్తాడు. రాస్తాడు. మళ్ళీ కొడతాడు. టక్. టక్. టక్. వంటింట్లోకి వినిపిస్తూనే ఉంటుంది. గుండెకాయ గరాజులో వదిలేసినట్టు.

అక్టోబరులో మూడో ఆదివారం, చర్చి నుంచి వచ్చాక, కాఫీ తీసుకుని వెళ్ళాను.

"ఎన్ని మిగిలాయి?"

"ఈ డబ్బా ఒక్కటే. యాభై."

"ఏమైనా తేడా దొరికిందా?"

"లేదు."

ఆ 'లేదు' నాకు అర్థం కాలేదు. వెయ్యిన్ని యాభై తూటాలు ఊడదీసి, అన్నీ సరిగ్గా ఉన్నాయని తేలినవాడు చెప్పే మాటలా లేదు. పోయిన ఉంగరం కోసం మురుగ్గొట్టం అంతా వెతికి దొరకనివాడి మాటలా ఉంది.

కాఫీ కింద పెట్టాను.

"జులై పదకొండున ఆ పిడి నేను లాగాను," అన్నాను. "గ్యాసువాడు వచ్చినప్పుడు. ఊరికే. సరదాకి."

ఆయన సుత్తి పక్కన పెట్టలేదు. తల మాత్రం ఎత్తాడు.

"కిందదాకా లాగావా?"

"కిందదాకా. లోపల గరగరమంది."

"ఊఁ," అన్నాడు. "తెలుసు."

"ఏం తెలుసు?"

"పిడి మీద పిండి ఉంది, వెర్నా. తెల్లగా నాలుగు వేళ్ళు. నువ్వు పై చేస్తున్నావు."

నేను స్టూలు మీద కూర్చున్నాను.

"మరి... చూసి కూడా?"

"తుడిచేశా. తుడిచి, పళ్ళెం తిప్పి, గుండు పెట్టేశా." గోడ మీది అట్టముక్క వైపు చూశాడు. "ఖాళీ చెయ్యాలి. అది నేను రాసిందే. గుండు పెట్టేముందు లోపలికి చూడాలి. చూళ్ళేదు. ఆ గ్యాసు వెధవ మీద మండిపోతూ ఉన్నా. వెర్నా ఏం చేస్తుందిలే, దుమ్ము తుడిచుంటుంది అనుకున్నా."

"నేనెప్పుడు దుమ్ము తుడిచాను ఇక్కడ?"

"అదే. అదన్నా తట్టాలి కదా నాకు."

ఇద్దరం నవ్వాల్సిన చోటు అది. ఎవరమూ నవ్వలేదు.

"మరి రెండు నెలల్నించీ ఇవన్నీ ఎందుకు ఊడదీస్తున్నావు? నీకు తెలుసుగా ఆ ఒక్కటి ఎక్కడ్నించి వచ్చిందో."

తక్కెడ పళ్ళెంలో మందు రేణువులు వేలితో దగ్గరికి చేరుస్తూ చెప్పాడు. "ఇంకోటి దొరుకుతుందేమోనని. ఇంకొక్కటి. వేరే తేదీది. దొరికితే నా చెయ్యే తప్పుతోందని తేలేది. అప్పుడు రూడీది కూడా నాదే అయ్యేది. నువ్వు లాగింది లెక్కలోకి వచ్చేది కాదు."

వెయ్యిన్ని యాభైసార్లు కొట్టాడు ఆ సుత్తి, తను పనికిరానివాడని రుజువు దొరుకుతుందేమోనని. ఆయన పని అంత శుభ్రంగా ఉండటమే మా ఖర్మ.

"నేను రూడీకి చెప్తాను," అన్నాను.

"వద్దు."

"చెప్తాను ఆర్లెన్."

"చెప్పి ఏం చేస్తావు? వేలు మొలుస్తుందా? ఊళ్ళో నా పేరు ఎలాగూ పోయింది. పోయినవాడి మీదే ఉండనీ. ఒకింట్లో ఇద్దరెందుకు?"

"నువ్వు పిల్లలకి ఇరవై రెండేళ్ళు ఏం చెప్పావు? పేల్చింది ఎవరో వాళ్ళే చెయ్యెత్తాలని కదా?"

ఆయన డ్రాయరు లాగి, తూటాల పుస్తకం తీశాడు. ఏ రోజు ఎన్ని నింపాడో అన్నీ రాసే పుస్తకం. జులై పదకొండు పేజీ తెరిచి నా ముందు పెట్టాడు. పెన్ను కూడా పెట్టాడు.

"పిడి లాగినవాళ్ళు సంతకం పెట్టాలి," అన్నాడు. "ఈ బల్ల దగ్గర అది పద్ధతి."

ఏ.హెచ్. పక్కన వి.హెచ్. అని రాశాను.

రూడీ వాళ్ళింటికి నేనొక్కదాన్నే వెళ్తానన్నాను. ఆర్లెన్ ట్రక్కు తీసి, తలుపు తెరిచి నిలబడ్డాడు.

రూడీ కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు, ఫుట్‌బాల్ ఆట పెట్టుకుని, ఎడమకన్ను టీవీ వైపు ఉండేలా తల కాస్త వంచి. కుడిచెయ్యి ఒళ్ళో గుడ్డలో చుట్టి ఉంది. నడీన్ సోఫాలో ఏదో అల్లుతోంది. నేను నిలబడే చెప్పాను. పిడి, పళ్ళెం, గరగర, అన్నీ. స్ట్రాబెర్రీల సంగతి కూడా చెప్పేశాను, ఎందుకో తెలియదు. మధ్యలో ఆర్లెన్, "పిండి చూసి కూడా నేను ఆగలేదు," అన్నాడు. అంతే అన్నాడు.

రూడీ టీవీ గొంతు తగ్గించాడు. ఎడమచేత్తో రిమోటు అలవాటు కాలేదింకా, రెండుసార్లు పెరిగి మూడోసారి తగ్గింది.

"నలభై ఏళ్ళు చెప్పాను ఊరందరికీ," అన్నాడు. "పరాయివాడు నింపింది పేల్చొద్దురా అని. వాడి పెళ్ళాం గురించి చెప్పడం మర్చిపోయా."

నవ్వబోయాడు. సగంలో నోరు వంకరపోయింది. కిటికీ వైపు తిరిగాడు, చూపు లేని కన్ను మా వైపు పెట్టి.

"ఆర్లెన్," అన్నాడు అటే చూస్తూ. "ఆ పిల్లల క్లాసు... మళ్ళీ తీసుకో."

"లేదు రూడీ."

"తీసుకోరా వెధవా."

"పిండి చూశాను కదా," అన్నాడు ఆర్లెన్.

నడీన్ అల్లిక సోఫా మీద పెట్టి వంటింట్లోకి వెళ్ళింది. నీళ్ళ చప్పుడు వినిపించింది. చాలాసేపు వినిపించింది. బుధవారం నేను పంపిన గిన్నె పట్టుకుని వచ్చింది. బాగా తోమింది, తుడిచింది. నా చేతుల్లో పెట్టింది. నా మొహం చూడలేదు, తలుపు మాత్రం తెరిచి పట్టుకుంది.

మెట్ల మీద ఆగి గిన్నెలోకి చూశాను, ఆర్లెన్ టార్చిలైటుతో చూసినట్టు. ఏమీ లేదు.

ట్రక్కులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. చర్చి మలుపు దాటాక ఆర్లెన్ ఓరగా చూశాడు.

"కడిగిందా?"

"కడిగింది."

తల ఊపాడు. రైలు గేటు దగ్గర ఆగి, మా పద్ధతిలో నాలుగువైపులా చూసి, ముందుకు పోనిచ్చాడు.

"ఇంకా యాభై ఉన్నాయి," అన్నాడు.

"ఇప్పుడెందుకు అవి? చెడ్డది ఒక్కటేనని తెలిసిపోయిందిగా."

"తెలియదు. అనుకుంటున్నాం." గేరు మార్చాడు. "లైటు నువ్వు పట్టుకో."